మబ్బులంటే పడని పిల్ల

నేను ఏడో తరగతిలోనే చదువును వదిలేశాను. చదువు మాత్రం నన్ను వదల్లేదు. యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్టుమెంటులో అటెండరుగా పెట్టుకుంది. పీహెచ్‌డీ చేసేవాళ్లంతా పొద్దున్నే నా తాళాల గుత్తి కోసం మెట్ల మీద కాచుక్కూర్చునేవాళ్లు.

వాళ్లలో యాడికి అనే ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒకతె. శెనక్కాయలు వేసే రైతు కూతురు. గాలిలో దుమ్మెంత ఉందో కొలవడం ఆమె పరిశోధన.

"అనంతపురంలో దుమ్ము కొలిచేదానికి మిషనెందుకు పాపా? నా చొక్కా కాలర్ చూడు."

"నీ కాలర్‌ని మా గైడ్ సారు ఒప్పుకోరన్నా."

మేడెక్కి, చేతిలో ఇమిడే పరికరాన్ని సూర్యుడి వైపు పట్టి, గంటగంటకూ రీడింగు రాసుకునేది. నేను ఎండకు ఆమెకు గొడుగు పట్టేవాణ్ణి. మబ్బు అడ్డమొస్తే ఆ రీడింగు దండగే.

ఆ ఏడు బెంగళూరులో ఒక పెద్ద ల్యాబు మాలాంటి యూనివర్సిటీల పిల్లల్ని ఆరు నెలలు పిలిపించుకుని పని నేర్పుతామంది. దరఖాస్తుతో వేసవి రీడింగులన్నీ పంపాలి. ఆమెకు ఇంకొక్క రోజుది కావాలి. ఆఖరి రోజు రానే వచ్చింది, గడువు ఆ సాయంత్రమే. మధ్యాహ్నానికి గుత్తి ఊరి దిక్కున మబ్బు లేచింది.

"జిల్లా అంతా వానకు మొక్కుతాంటే వద్దనేదానివి నువ్వొక్కదానివే. మీ ఊర్లో తెలిస్తే తరుముతారు" అన్నాను. ఆమె నవ్వలేదు, పరికరం పట్టుకుని మేడ మీదే నిలబడింది.

అప్పుడే వాళ్ల నాయన ఆమెకు ఫోన్ చేశాడు. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది.

"పాపా, ఆడ మబ్బు పట్టిండాదా? ఇత్తనాలు సంచుల్లోనే ఉండాయి. నేల తడిసి పదునైతే రేపే ఇత్తనానికి గొర్రు కడతా."

ఆమె ఆకాశం వైపు చూసింది. "పట్టిండాది నాయనా, నల్లగా. ఈడ పడితే ఆడికీ వస్తాదిలే."

"నీ పనెట్లుండాది?"

"బాగుండాది."

చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఆమె మీదికి జరిపితే, "నాకు కాదన్నా, దీనికి!" అని పరికరాన్ని చూపించి కసిరింది. ఇద్దరమూ తడిశాం. మిషను మాత్రం రాజాలాగా పొడిగా ఉంది.

కింద గైడ్ సారు కిటికీలోంచి వాన చూసి, "ఉన్నవరకే పంపు. ఆ రోజు వాన పడిందని నిజం రాయి" అన్నారు.

నెల తిరిగాక బెంగళూరు వాళ్లు ఇంకెవరినో తీసుకున్నారని తెలిసింది. ఆమె అప్పుడు ఊళ్లో కలుపు తీస్తోంది. ఫోన్ చేసి నేనే చెప్పాను. జోకులన్నీ ఎటుపోయాయో, ఒక్కటీ నోటికి రాలేదు.

"పైరు బాగుండాదన్నా" అంది. మళ్లీ తనే, "వచ్చే ఏడూ పిలుస్తారు కదా?" అంది.

"పిలుస్తారు పాపా" అన్నాను, ఆ ల్యాబంతా మా తాతదే అయినట్టు.