పూలంగడి ముందున్న కెమెరా

తిరుపతి బజారు వీధుల్లోని కెమెరాలను చూసుకునే ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ మూడు రూల్స్ నేనే పట్టుబట్టి పెట్టించాను. పని లేకుండా ఎవరినీ చూడకూడదు. బయటికిచ్చే కాపీలో సంబంధం లేనివాళ్ళ ముఖాలు మసకబార్చాలి. ముప్పై రోజులకు అసలుది చెరిపేయాలి. అంతకుముందు మావాళ్ళు కాలేజీ అమ్మాయిలను స్క్రీన్ మీద దగ్గరికి లాక్కుని చూస్తూ నవ్వుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. రూల్స్ వచ్చాక నాకు చాదస్తం సారు అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే. అమ్మ రోజూ పొద్దున పూలంగడికి పోయేది. ఆ అంగడి ముందు స్తంభానికి మా కెమెరా ఉంది. దాని కిందికి రాగానే ఆగి, తలెత్తి, చెయ్యి ఊపేదని పూలమ్మే ఆమె నాతో చెప్పింది. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అమ్మ అడిగేది.

"ఈపొద్దు నన్ను సూసినావా?"

లేదమ్మా, ఊరికే చూడకూడదు అనేవాణ్ణి. నిజంగానే ఒక్కరోజూ చూడలేదు. అందుకు కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆమె ఏదో గొణుక్కుంటూ కాఫీ పెట్టేది. మర్నాడు మళ్ళీ ఊపేది.

అమ్మ పోయిన పదిహేనో రోజున పనికి వెళ్ళాను. పూలంగడి దగ్గర బండి పోగొట్టుకున్నాయన ఒకరు కాపీ అడిగి ఉన్నారు. తేదీ చూశాను. అమ్మను ఆస్పత్రిలో చేర్చడానికి ముందు రోజు.

ముఖాలను మెషీనే మసకబారుస్తుంది. అది వదిలేసినవాటి చుట్టూ మేం చేత్తో గీత గీస్తే అవీ మసకబారతాయి. ఆ రోజు అది ఒక్క ముఖాన్నే వదిలేసింది. తల బాగా వెనక్కి వాల్చి, నేరుగా పైకి చూస్తున్న ముఖం. చెయ్యి ఊపుతోంది.

పక్క సీటాయన చూశాడు. నన్ను ఎక్కువగా వెక్కిరించేది ఆయనే. మెల్లగా అన్నాడు.

"అమ్మది ఆ రోంత కాపీ చేసి పెట్టుకోప్పా. ఎవురడగతారు?"

ఎవరూ అడగరు. అడగాల్సినవాణ్ణి నేనే. నాకది కావాలనిపించింది, ఏడుపొచ్చేంతగా కావాలనిపించింది. కానీ ఈ రోజు నేను ఉంచుకుంటే, రేపు ఇంకొకరు ఇంకెవరినో ఉంచుకుంటారు. వాళ్ళను వద్దనే నోరు నాకుండదు.

రెండుసార్లు చూశాను. పనికి ఒక్కసారి చాలు. తర్వాత అమ్మ ముఖం చుట్టూ గీత గీశాను. ముఖం పోయింది. చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పాను. ఇల్లు గమ్మునుంది. అడిగేవాళ్ళు లేకపోయినా గడప దగ్గరే నిలబడి చెప్పాను.

"సూసినానమ్మా."