రౌషన్ తెరిచిన తలుపు

కజక్ సరిహద్దులోని ఆ గోదాములో షిఫ్టు ఇన్‌ఛార్జి రౌషన్‌కి కుర్చీలో కూర్చునే అలవాటు లేదు. తలగుడ్డ వెనక్కి బిగించి, ఎండు పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని, కంప్యూటరు ముందు నిలబడే ఉంటుంది. మొన్నటిదాకా గోదాము వివరాలు ఒక కంప్యూటరులో, కస్టమ్స్ అనుమతులు ఇంకోదాంట్లో ఉండేవి. అనుమతి వచ్చిన సంగతి తెలియక సరుకు పడి కుళ్లేది. రెంటినీ కలిపించేదాకా పైవాళ్లని ఆమె నిద్రపోనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఇన్సులిన్ పెట్టెలకి అనుమతి వచ్చినట్టు తెర మీద పడింది. ఆ పక్కనే, వాటిని ఉంచిన చలిగది వేడెక్కుతోందని ఎర్రగా వెలిగింది. లారీలకి సరుకెక్కించే తలుపుల్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే. ఇంతలో మేనేజరు సెరిక్‌బాయ్ వచ్చాడు.

"ఆ తలుపు టైల్స్ లారీకివ్వు. మన కంపెనీ పెద్దాయన బావమరిది సరుకు."

"దానికింకా అనుమతి రాలేదన్నా. తెర మీద చూడండి."

"వస్తుందిలే! ముందు కంప్యూటర్లు కలిపిన ఆ దిక్కుమాలిన లింకు తీయించు, అనుమతి లేదని ఎవరికీ కనపడదు."

"తీయించను. మందు పాడైతే ఆస్పత్రిలో పిల్లలకి టైల్స్ పెట్టమంటారా?"

"రేపట్నుంచి పనిలోకి రాకు!"

"రేపటి మాట రేపు. ఇవాళ షిఫ్టు నాది."

హారన్ మోగిస్తున్న టైల్స్ లారీకి అడ్డంగా నిలబడి, మందుల బండిని తలుపు దగ్గరికి పిలిచింది. చివరి పెట్టె ఎక్కి బండి కదిలేదాకా జరగలేదు.

మర్నాడు అందరికంటే ముందే వచ్చింది. ఆమెని బయటికి పంపడానికి సెరిక్‌బాయ్ వచ్చేసరికి, హమాలీలంతా పని ఆపి ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. అతనికి ఎవరూ దారివ్వలేదు.