తట్టకు చెయ్యి వేసిన పెద్దాయన

భోగాపురం పక్కన విమానాశ్రయం వస్తుందని ఊళ్ళలో మాట మొదలైన రోజుల్లో నేను ఆ దగ్గర్లోనే ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిగా ఉండేవాణ్ణి. నాకింకా ముప్ఫై నిండలేదు. పట్నంలో మూడేళ్ళు బైబిలు వేదాంతం చదివి, శిష్యత్వం మీద పరీక్షలో పన్నెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మా మందిరం దళితుల పేటలో ఉండేది. రేకుల కప్పు, సిమెంటు నేల, ఇరవై కుటుంబాలు. అందరూ జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళే.

సంఘానికి పెద్ద ఒక డెబ్భై ఏళ్ళ ముసలాయన. చదువు రాదు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కాస్త వంకరగా ఉండేది. ఏ కొబ్బరిచెట్టు మీంచో పడ్డాడనుకున్నాను, ఎప్పుడూ అడగలేదు. ఆదివారం అందరికంటే ముందొచ్చి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, వెనక వరుసలో కూర్చునేవాడు. అందరూ తాతా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

సముద్రం ఒడ్డునున్న జాలరి పల్లె నుంచి ఒకామె పేటకు చేపలమ్మడానికి వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి. ఆదివారాల్లో అమ్మకం అయ్యాక తట్ట దించుకుని మందిరం గోడ నీడన కూర్చుని వాక్యం వినేది. ఒకసారి నేను, రాత్రంతా వల వేసినా ఏమీ పడక, యేసు చెప్పాడని మళ్ళీ లోపలికెళ్ళి వల వేసిన జాలరుల సంగతి చెప్పాను. ఆరాధన ముగిశాక ఆమె నన్ను గుమ్మంలో ఆపింది.

"అయ్యగోరూ, మీరు శానా సులువుగా సెప్పీసినారు. రాత్రంతా తిరిగి, ఉత్త సేతుల్తో ఒడ్డుకొచ్చి, వల కడిగీసినాక మళ్ళీ సంద్రంలోకి ఎల్లమంటే మా ఇంటాయనైతే తెడ్డుచ్చుకుని కొడతాడు. అలాంటిది ఆళ్ళు ఎల్లినారంటే, ఆ సెప్పినాయన మొకంలో ఏటి సూసినారో!"

ఆ ప్రశ్న నన్ను మూడేళ్ళ చదువులో ఎవరూ అడగలేదు. నేను రాసిన పన్నెండు పేజీల్లోనూ దానికి జవాబు లేదు.

ఏడాది తిరక్కుండా ఆమె బాప్తిస్మం తీసుకుంది. భర్త ఆపలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. "నీ దేముడు నీకు, గంగమ్మ తల్లి నాకు" అన్నాడట.

చిక్కు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర వచ్చింది. మా సంఘంలో రసం గిన్నె ఒక్కటే, చేతులు మారుతూ వస్తుంటే అందరూ అందులోనే తాగేవారు. ఆమె పల్లెవాళ్ళు పేటవాళ్ళ ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టరు. గిన్నె తన దాకా వస్తే ఆమె ఏం చేస్తుందో, చూసి మావాళ్ళు ఎంత నొచ్చుకుంటారో అని నాకు నిద్ర పట్టలేదు. చివరికి విజయనగరం వెళ్ళి చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు కొనుక్కొచ్చాను.

"ఇవేటి అయ్యగోరూ?" అన్నాడు తాత.

"శుభ్రంగా ఉంటుందని, తాతా."

ఆయన ఒక గ్లాసును తిప్పి చూసి మళ్ళీ పెట్టేశాడు. "మీరు సెప్తే సరే" అన్నాడు. నేను అబద్ధమాడానని ఆయనకు తెలిసిపోయింది.

ఆ ఆదివారం ఆమె గ్లాసు అందుకోలేదు. "అందరూ తాగే గిన్నె ఉండాలి కదా, అదేదీ?" అని గట్టిగానే అడిగింది. తాత లేచి బీరువాలోంచి గిన్నె తీసి, గ్లాసుల్లో రసమంతా అందులో వంచాడు. తాను తాగి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. ఆమె కళ్ళు మూసుకుని తాగింది.

ఆ కబురు పల్లెకు పాకడానికి ఒక్క రోజు పట్టింది. కులపెద్దలు కూర్చుని, ఆమెను నలుగురిలో తప్పయిందని చెప్పమన్నారు. "మొన్న మా అత్తని తిట్టినాను. దానికి తప్పయిందంటాను. దీనికి అనను" అందట. దాంతో ఆ ఇంటికి మాట లేదు, సాయం లేదు అని తీర్మానించారు. భర్తను ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. అతను తెప్ప మీద ఒక్కడే వెళ్ళి దగ్గరలో వల వేసి, పడినవి తెచ్చి ఆమె ముందు కుమ్మరించి, పలకరించకుండా వెళ్ళిపోయేవాడు. నిండిన చేపల తట్టను ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేదు, రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. ఒడ్డున ఒక్కరూ వెయ్యలేదు. మొదటి రోజు ఆమె సగం చేపలు ఇసుకలో వదిలేసి వచ్చింది.

ఆమె ఇది పేటలో చెప్పుకుంటుంటే తాత విన్నాడు. మర్నాడు తెల్లారేసరికి ఆయన లేడు. రెండు మైళ్ళు నడిచి ఒడ్డుకు వెళ్ళాడని తెలిసి, ఏం జరుగుతుందోనన్న భయంతో నేను బండి తీసుకుని వెళ్ళాను.

వలలు సరిచేసుకుంటున్న ఇరవై ముప్ఫైమంది మగవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆమె భర్త తెప్ప అంచున కూర్చుని ఉన్నాడు. తాత తట్ట పక్కన నిలబడి అందరి వైపూ తిరిగాడు.

"బాబూ, మీలో ఎవురైనా ఓ సెయ్యెయ్యండి. మీరెయ్యకపోతే నానేస్తాను."

ఎవరూ కదల్లేదు. ఆయన వంగి, ఆమెతో పాటు తట్టకు చెయ్యి వేసి ఆమె నెత్తిన పెట్టాడు.

తిరిగొచ్చే దారిలో, పక్కనే బండి తోసుకుంటూ నడుస్తున్న నాతో ఆమె చెప్పింది. "మీకు తెలీదేటి అయ్యగోరూ? పాతికేళ్ళ కిందట తాత ఆ ఒడ్డునే తట్ట ముట్టినాడని కొట్టినారు. సెయ్యి అప్పుడే ఇరిగింది. కొట్టినోళ్ళలో మా ఇంటాయన కూడా ఉన్నాడు."

నేను బండి ఆపేశాను. ముందు రోడ్డు మీద తాత తన మానాన తాను నడుచుకుంటూ వెళ్తున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఈయనకు బోధిస్తున్నానా అనిపించింది. దేవుడు ఎదురుగా నడిచిపోతుంటే ఇలాగే ఉంటుందేమో.

మూడు వారాలు ఆయన రోజూ వెళ్ళాడు. తర్వాత జ్వరంతో పడిపోయాడు. ఆ పొద్దున ఆమె ఒంటరిగా తట్ట దగ్గర నిలబడి ఉంటే, భర్త తెప్ప దిగి వచ్చి తట్ట ఆమె నెత్తికెత్తాడు. ఎత్తి ఊరుకోలేదు, ఆమె వెనకాలే పేటకు వచ్చాడు. నేనప్పుడు తాత మంచం దగ్గరే ఉన్నాను. అతను గుమ్మం బయట నిలబడ్డాడు.

"తాతా, ఆ రోజు కొట్టినోళ్ళలో నానున్నాను."

"తెలుసు నాయినా."

"తెలిసే వొచ్చినావా?"

"తట్ట బరువుగా ఉన్నాది కదా" అన్నాడు తాత.

అతను గుమ్మంలోనే చతికిలబడి తల వంచుకున్నాడు.

వెలి ఎత్తేశామని ఎవరూ ప్రకటించలేదు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు చేతులు చాలక ఒక రోజు అతన్ని పిలిచారు, అంతే. అతను మా సంఘంలో చేరలేదు. నేనున్నంత కాలం గంగమ్మకు దణ్ణం పెట్టాకే తెప్ప దింపేవాడు. పల్లెలో కొన్ని ఇళ్ళవాళ్ళు ఆమె చేతి నీళ్ళు ఇప్పటికీ తాగరని విన్నాను. తాత కోలుకుని ఇంకో నాలుగేళ్ళు బతికాడు.

ఆ జ్వరం తగ్గాక ఒకసారి ఆయన్ని అడిగాను, మొదటి రోజు ఒడ్డున భయం వేయలేదా అని.

"ఎయ్యకేటి అయ్యగోరూ? కాళ్ళు ఒణికిపోయినాయి. ఆళ్ళకి అవుపడకుండా ఇసకలోకి గుచ్చి నిలబడ్డాను" అన్నాడు.