కడిగి ఇచ్చిన ఉమ్మి

2009 సెప్టెంబరు, ఒక మంగళవారం, చిక్కడపల్లిలో రోగి ఇల్లు. హాజరైనవారు: నేను, అప్పట్లో నారాయణగూడలోని ఒక ప్రయోగశాలలో సీనియర్ మైక్రోబయాలజిస్టును, టెక్నీషియన్ సుజాత, కిట్ కంపెనీ ప్రతినిధి ప్రసాద్, రోగి నర్సింలు, ఆయన భార్య లక్ష్మి.

స్వైన్ ఫ్లూ రోజులవి. ఉమ్మితో పావుగంటలో ఫలితం చెప్పే కొత్త కిట్ ఎంతవరకు నమ్మదగినదో తేల్చే పని నాకు అప్పగించారు. గొంతు నమూనాలో జబ్బు రుజువైనవారి ఉమ్మిని కిట్‌తో మళ్ళీ పరీక్షించాలి. పట్టీ మీద ఒక గీత పడితే జబ్బు లేనట్టు, రెండు పడితే ఉన్నట్టు.

నర్సింలు సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం సేల్స్‌మన్. ముందురోజే జబ్బు తేలడంతో వారం పాటు ఇల్లు కదలవద్దన్నాం. బతుకమ్మ బేరాల వేళ పట్టుచీరల కౌంటర్లో సేటు తన బామ్మర్దిని కూర్చోబెడితే అతను మళ్ళీ లేవడని నర్సింలు దిగులు.

గొట్టం ఇచ్చాం. మా ముందు ఉమ్మడానికి మొహమాటపడి, లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చారు. ఒకటే గీత పడింది.

"అయిపాయె గద సార్! లక్ష్మీ, నా అంగీ తే. దుకాణానికి పోత."

"ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. పోయి చీరలమ్ముతవా, రొట్టెలు కాలుస్తవా?" అన్నది లక్ష్మి.

"తగ్గిపోయుంటుందండి. మా కిట్ అబద్ధం చెప్పదండి," అన్నారు ప్రసాద్.

ఆ మాటకు నర్సింలు సంతోషం పట్టలేక గట్టిగా దగ్గారు. ప్రసాద్ గుమ్మం దాకా వెనక్కి జరిగారు.

గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాను. ఉమ్మికుండే జిగురు లేదు, నల్లానీళ్ళలా తేటగా ఉంది. ఏం చేశారని అడిగాను.

"మంచిగ నాలుగుసార్లు పుక్కిలించి ఇచ్చిన సార్. పెద్దోళ్ళు చేత్తోని పట్టుకుంటరు, ఎంగిలి గట్లనే ఇస్తమా?"

పరీక్షకు ముందు అరగంట ఏమీ తినవద్దని, తాగవద్దని సుజాత చెప్పే ఉంది. ఆయన తినలేదు, తాగలేదు. అరగంట కూర్చోబెట్టి, కడగకుండా ఇమ్మన్నాం. సిగ్గుతో తలవంచుకుని ఇచ్చారు. రెండు గీతలు పడ్డాయి.

"చూసిండ్రా! కడిగితే పోయింది. మీరే కడగనియ్యక మళ్ళ తెప్పిచ్చిండ్రు!" అని నర్సింలు నా మీద లేచారు. లక్ష్మి అంగీని బీరువాలో పెట్టి తాళం వేసింది. చివరికి, తన కౌంటర్ ఎవరికీ ఇవ్వకుండా సేటుతో నేనే మాట్లాడాలన్న షరతు మీద ఆయన పడుకున్నారు.

ఫోన్ చేశాను. బామ్మర్ది అప్పటికే కౌంటర్ ఎక్కాడని, "జర దగ్గుతుండు గని, కూసున్నడు" అని సేటు చెప్పారు. వెంటనే దించి మా దగ్గరికి పంపమన్నాను.

ఆ సాయంత్రం నివేదికలో రెండు మాటలు చేర్చాను. ఉమ్మిని సిబ్బంది కళ్ళ ముందే తీసుకోవాలి. ఒక్క గీతను నమ్మి ఎవరినీ బయటికి వదలరాదు. కిట్‌ను పరీక్షించే ముందు నమూనా ఎలా వచ్చిందో విచారించాలని నేను నేర్చుకున్నది ఆ రోజే.

మర్నాడు ఉదయం సేటు బామ్మర్దిని ఆటోలో మా ప్రయోగశాలకు తెచ్చారు. సుజాత ఎదురుగా కూర్చుని గొంతు నమూనాతో పాటు ఉమ్మి కూడా తీసుకుంది. రెండు గీతలు. సేటు అక్కడే నర్సింలుకు ఫోన్ కలిపి, బామ్మర్దికీ రెండు గీతలు పడ్డాయని, వారమయ్యాక తప్పకుండా రమ్మని, కౌంటర్ ఆయనదేనని చెప్పారు. అవతల నర్సింలు గొంతు మా అందరికీ వినబడింది.

"మీ బామ్మర్ది నోరు కడుక్కోకుండ వచ్చిండు గావచ్చు సేట్. నన్నొక్క మాట అడగకపోయిండు!"