గట్టాయన పిస్టన్లు

ఆ అల్యూమినియం ఫౌండ్రీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆయన గట్టాయన. ముప్పై ఏళ్ళుగా పోత ముక్కల్ని ఫర్నేస్‌లో బాగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో ఉంచి గట్టిపరచడమే ఆయన పని. తన చేతి మీదుగా వెళ్ళిన ముక్క గట్టిదనం పరీక్షలో తప్పిందని చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆయనే రోజుకు రెండుసార్లు చెప్పుకునేవాడు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి పంపిన పిస్టన్లు తిరిగొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆయన చేసినవి పంపుల మూతలు, బ్రాకెట్లు. వాటికి సెగ తగిలేది కాదు. పిస్టన్లు కొత్త పని. ఇంజన్‌లో కాసేపు తిరిగి సిలిండర్‌లోనే బిగుసుకుపోయాయి. ఇంజన్ల కంపెనీ ఇంకొక్క అవకాశం ఇచ్చింది, పన్నెండు పిస్టన్లకు. అవీ బిగుసుకుంటే ఫర్నేస్ విభాగం మూసేసి, గట్టాయన్ని గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చోబెడతారు. గేటు దాటేటప్పుడు ఆయన ఆ కుర్చీ వైపు చూడటం మానేశాడు.

తప్పంతా లోహం కలిపినవాళ్ళదే అన్నాడు. లోహం కలిపే లెక్కలు చూసేది ల్యాబ్‌లో పనిచేసే సొంత కోడలు.

"నికెల్ తగ్గించుంటావు అమ్మాయ్," అన్నాడు భోజనాల దగ్గర.

"నికెల్, రాగి, మెగ్నీషియం అన్నీ చీటీలో ఉన్నట్టే వేశాం మావయ్యా. తేడా మీ రెండో వేడిలో ఉందేమో."

"నా వేడికే వంక పెడతావా?"

"ఫర్నేస్ గొడవ ఫర్నేస్ దగ్గరే తేల్చుకోండి. ఇక్కడ కూర చల్లారిపోతోంది," అంది ఆయన భార్య.

మర్నాడు కోడలు వాదించలేదు. పాత విడతలో వాడకుండా మిగిలిన పిస్టన్ ఒకటి తెచ్చి, మైక్రోమీటర్ ఆయన చేతికే ఇచ్చి కొలవమంది. ఇంజన్‌లో ఉండేంత వేడిలో దాన్ని రోజంతా ఉంచి, పూర్తిగా చల్లారాక మళ్ళీ కొలవమంది. చల్లారితే పాత కొలతకే రావాలి కదా, రాలేదు. వెంట్రుక మందం పెరిగింది. ఆయన మూడుసార్లు కొలిచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారీ కొలిచాడు.

"ఐదువందల డిగ్రీల్లో రాగి అల్యూమినియంలో కలిసిపోతుంది, నీళ్ళలో ముంచగానే లోపలే ఇరుక్కుపోతుంది," అంది కోడలు. "మీ రెండో వేడికి సన్నని నలకలుగా బయటికొస్తుంది. గట్టిదనం దాంతోనే. బాగా గట్టిపడగానే మీరు ఆపేస్తున్నారు. మిగిలిన రాగి ఇంజన్ వేడికి బయటికొచ్చి ముక్కని పెంచుతోంది, అందుకే సిలిండర్‌లో బిగుసుకుంటోంది. మీ నూట డెబ్బై డిగ్రీల బదులు రెండువందల ముప్పైలో ఉంచితే, పెరిగేదేదో మన దగ్గరే పెరుగుతుంది. ఆ తర్వాత లేత్ మీద చెక్కి కొలతకి తెచ్చుకోవచ్చు."

"మరి గట్టిదనం?"

"తగ్గుతుంది మావయ్యా. కానీ వేడిలో కొలత నిలుస్తుంది."

గట్టాయన ముఖం మాడిపోయింది. తన చేత్తో మెత్తటి ముక్క చేయడమా? రెండు రోజులు ఆ పాత పిస్టన్‌నే పదేపదే కొలిచాడు. మూడో రోజు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, తనే డయల్ రెండువందల ముప్పైకి తిప్పాడు. ఆ పన్నెండింటి గట్టిదనం ఆయన జీవితంలోకెల్లా తక్కువ సంఖ్య. ఆ సంఖ్య ఎందుకు తగ్గిందో రాసి, ఇంజన్ల కంపెనీని ఒప్పించింది కోడలే.

వారం తిరిగాక ఆ కంపెనీలో పరీక్ష ఇంజన్ విప్పుతున్నారంటే మామా కోడళ్ళిద్దరూ వెళ్ళారు. మెకానిక్ బొటనవేలితో నెట్టగానే పిస్టన్ సిలిండర్‌లో సులువుగా జారింది. ఒక్కటి కాదు, అన్నీ అంతే. గట్టాయన తనూ ఒకటి నెట్టి చూశాడు.

"ఇక ఆర్డరు మీదే. ఎంతైనా మీ చెయ్యే చెయ్యి పెద్దాయనా!" అన్నాడు మెకానిక్.

గట్టాయన ఛాతీ పొంగింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన కోడలు నేల చూస్తోంది. ఆయన ఆ మాట మింగేశాడు.

"నా చెయ్యి చేసినవి మీ దగ్గర బిగుసుకున్నాయి బాబూ," అన్నాడు. "ఇవి మా కోడలు చేయించినవి. ఫర్నేస్ ఎంత వేడిలో ఉండాలో ఇకమీదట తననే అడుగుతాను."