పందొమ్మిది మంది ఆడిన కబడ్డీ

తొంభైల రోజుల్లో మా పెద్దపంజాణి వైపు డిగ్రీ చదివినవాడికి ఉద్యోగం దొరకడం కష్టం గానీ, గౌరవానికి మాత్రం కొదవ ఉండేది కాదు. మదనపల్లెలో బి.ఏ. గట్టెక్కి వచ్చిన నన్ను (మూడో ప్రయత్నంలో అని ఎవరికీ చెప్పలేదు) మా ఊరి కబడ్డీ సంఘం ప్రెసిడెంటు పిలిపించి, "సంఘానికి పాతికేండ్లు నిండతాండాయి. చరిత్ర రాయాల. అట్ట మీద నీ పేరే ఏస్తామప్పా" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను.

పాతికేళ్ళలో మా సంఘం గెలిచింది ఒకే ఒక్క కప్పు, కుప్పంలో. ఆఖరి కూతకు వెళ్ళి, ముగ్గురిని ముట్టి, మీద పడ్డవాళ్ళను ఈడ్చుకుంటూ గీత దాటింది మా మామ, అమ్మకు తమ్ముడు. (ఆ రోజు పోయిన మోకాలు మళ్ళీ బాగుపడలేదు.) "నీ గురించే మొదటి పేజీ మామా" అని మాటిచ్చాను. అక్షరం ముక్క రాని మామ "నీ ఇష్టమప్పా" అని నవ్వి, వేరుశనగ మూట ఎత్తుకుని పోయాడు.

పుస్తకం సంగతి తెలిసి ఇక మా ఇంటికి జనం వరస కట్టారు. ఎరువుల అంగడాయన వచ్చి, "ఆ పొద్దు నేనూ కుప్పంలో ఉండాను, రాయప్పా" అన్నాడు.

"ఆడినావా అన్నా?"

"బస్సులో పోయినాను కదా!"

ఎవరినీ కాదనలేక రాసుకుంటూ పోతే, ఏడుగురు ఆడే ఆటలో మా తరఫున పందొమ్మిది మంది దిగారు. (అవతలి జట్టు పారిపోకపోవడమే వింత.) అచ్చుకు పంపేముందు ప్రెసిడెంటు చూసి, "ఆఖరి కూత మా బామ్మర్దిదని రాయి" అన్నాడు. కుప్పం ఆట నాటికి ఆ బామ్మర్ది నాలుగో తరగతి. అయినా అట్ట మీది నా పేరు కళ్ళ ముందు మెదిలి, మామ పేరు కొట్టేసి బామ్మర్ది పేరు రాశాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సభ రోజున మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పుస్తకం నా చేతిలో పెట్టి, "నా పేరు యాడుండాది? సూపించప్పా" అన్నాడు. బామ్మర్ది పేరు మీద వేలు పెట్టి మామ పేరు చదివాను. అచ్చులో లేని మామ కథంతా చూసి చదువుతున్నట్టే చెప్పాను. మామ కళ్ళు తుడుచుకుని, "బాగా రాసినావప్పా" అన్నాడు.

మరునాడు పొద్దున టీ అంగడికి వెళ్ళేసరికి మామ అదే పేజీ తెరిచి, అదే చోట వేలు పెట్టి, ఎరువుల అంగడాయనకు చూపిస్తున్నాడు. ఆయన పేజీ చూశాడు, నన్ను చూశాడు.

"అవును, నీ పేరే ఉండాది. ముగ్గుర్ని ముట్టినావని కూడా రాసినాడే!" అన్నాడు. పక్కనున్నాయన పుస్తకం అందుకుని, అందులో లేని మోకాలి దెబ్బ సంగతి కూడా చదివి వినిపించాడు. నేను టీ తాగకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ కుర్ర రచయితను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ పుస్తకంలో ఏముండాలో వాడికి తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు.