ఏడుకొండలు గారికి వేసిన సున్నా

పదకొండేళ్ళుగా ఒక సున్నాను మోస్తున్నాను. ఏడుపొచ్చేంత బరువు కాదు. చెయ్యి తిమ్మిరెక్కిపోయి, మోస్తున్నానన్న సంగతే మరిచిపోయిన బరువు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనుక మీకు చెబుతున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. కొల్లేటి ఊళ్ళలో పర్యావరణ చదువు మీద పీహెచ్‌డీ చేశాను. పద్ధతి సులువు. ముందు ఊరివాళ్ళకి ఒక పరీక్ష పెట్టాలి. తరవాత నెలరోజులు పాఠాలు చెప్పి, మళ్ళీ అదే పరీక్ష పెట్టాలి. మార్కులు పెరిగితే నా పాఠం పనిచేసినట్టు.

గుండుగొలను దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో ఏడుకొండలు గారని ఓ పెద్దాయన ఉండేవారు. చేపలు పట్టడమే బతుకు. చదువు రాదు. కానీ ప్రతి శనివారం బడిపిల్లల్ని పడవలో ఎక్కించుకుని కొల్లేరు చూపించేవారు. హెడ్‌మాస్టరు గారే కోరి పెట్టుకున్న ఏర్పాటు అది. ఆయనకు సంతానం లేదు. ఆ ఒక్కపూట కోసం వారమంతా ఒక ఉతికిన చొక్కా దాచుకునేవారు.

నీళ్ళు పాడయ్యాయని ఎలా తెలుస్తుంది? ఇది నా నాలుగో ప్రశ్న. ఆయన చదవలేరు కాబట్టి నేనే చదివి వినిపించాను. నత్తలు నీళ్ళలోంచి తుంగ కాడల మీదికి ఎక్కేస్తాయన్నారు. నా జవాబుల కాగితంలో 'నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గడం' అని ఉంది. సున్నా వేశాను. మిగతా ప్రశ్నలకీ దాదాపు అంతే.

ఇంతవరకైతే తెలియనితనం. ఆ సాయంత్రం ఏలూరులో అప్పటి మా ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. ఆక్సిజన్ తగ్గితే నత్తలు పైకి పాకుతాయట. ఆయన చెప్పింది సరైన జవాబే. దిద్దడానికి ఒక్క నిమిషం చాలు. దిద్దలేదు. ఎందుకు? ఆయనకీ ఆయనలాంటి వాళ్ళకీ ముందే మార్కులు వేసేస్తే ఇక నేను నేర్పిందేమిటి, పెరగడానికి ఏం మిగులుతుంది? కొల్లేటిని కాపాడే చదువు చెబుతానని వెళ్ళి, కంచే చేను మేసినట్టు, అక్కడున్న చదువునే చెరిపేశాను. అప్పట్లో నాకంత తెలియదని చెప్పుకోవాలని చాలాసార్లు చూశాను. తెలుసు.

రెండో పరీక్షలోనూ ఆయన నత్తల గురించే చెప్పారు. మళ్ళీ సున్నా. ఆక్సిజన్ అన్న మాట అప్పజెప్పిన వాళ్ళందరికీ మార్కులు. పేర్లతో సహా ఆ జాబితాను బడి గోడకి అంటించింది కూడా నేనే. హెడ్‌మాస్టరు గారు చూశారు. మరుసటి శనివారం పిల్లల్ని వేరేవాళ్ళ పడవలో పంపారు.

ఆ ఊళ్ళో పని ముగించుకుని నేను వెళ్ళిపోయే రోజున ఆయన బస్టాపులో నా కోసం నిలబడి ఉన్నారు.

"మేడంగారండీ, నాకు సున్నాలొచ్చాయంటండి. నత్తల సంగతి తప్పాండి?"

నేను ఆయన ముఖం చూడలేదు. "తప్పేనండి," అన్నాను.

"అయితే ఇన్నేళ్ళూ పిల్లలకి తప్పు చెప్పానన్నమాటండి," అన్నారు. కోపం లేదు. సిగ్గుపడ్డారు. బస్సు వస్తే దారిచ్చి పక్కకి తప్పుకున్నారు.

తరవాత ఆయన బడి వైపు రావడమే మానేశారని విన్నాను. మరి కొన్నాళ్ళకి పోయారని విన్నాను. కుక్కిన పేనులా ఊరుకున్నాను. ఆ రోజు కాలేజీలో రెండు క్లాసులు చెప్పి, క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించదు, అదే నాకు భయం.

క్షమించమని ఎవర్ని అడగాలి? మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలు. ఏడుకొండలు గారు పిల్లలకి తప్పు చెప్పలేదు. తెలిసి తెలిసి, ఆయనకు తప్పు చెప్పింది నేను.